చందా ఆపితే పాత సంచికలు లాక్కుపోతారా?

చందా అన్న మాటకు మన ఇళ్ళలో ఒకటే అర్థం ఉండేది. ఏడాదికి డబ్బు కడితే నెలనెలా పోస్టులో పత్రిక వస్తుంది. కట్టడం మానేస్తే కొత్త సంచిక రాదు, అంతే. పోస్టుమాన్ తిరిగొచ్చి "ఈ ఏడు చందా కట్టలేదు కదండీ, ఆ అటక మీద కట్ట కూడా దించండి" అనేవాడు కాదు. 1947లో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. అయినా ఇళ్ళలో బైండు చేయించి దాచుకున్న సంపుటాల జోలికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు చందా అంటే అది కాదు. కడుతున్నంత కాలం చూడనిస్తారు, ఆపిన రోజు అన్నీ మాయం. ఈ పద్ధతి సినిమాలకూ పాటలకూ వచ్చినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే ఆటలకు కూడా వచ్చేసరికి ఇక ఊరుకోబుద్ధి కావడంలేదు.

ఏ ఆటలంటారా? డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటివి. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. నలుగురైదుగురు ఒకచోట చేరతారు. ఒకడు సూత్రధారి, కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె. ఏదైనా తెగించి చెయ్యాలంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. కొంచెం వీధి నాటకం, కొంచెం వైకుంఠపాళి అనుకోండి :) 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. కావలసిందల్లా నియమాల పుస్తకం, కాగితం, పెన్సిల్, పాచికలు. కరెంటు పోయినా ఆడుకోవచ్చు. అటువంటి ఆటకు నెలసరి బిల్లు తగిలించడం ఎంత చోద్యమో చూడండి.

అజ్మాన్‌లో మా గుంపు శనివారం రాత్రుళ్ళు నుయీమియాలో ఒకరి ఫ్లాటులో చేరేది. పుస్తకాలు ఎక్కువగా ఒకాయనవే. నిజామాబాద్ వాడు, మా అందరికంటే పెద్ద, అన్నా అనే పిలుస్తాం. ఒక వెబ్‌సైట్‌లో (పేరు అనవసరం) ఏడెనిమిది పుస్తకాలు పూర్తి ధర పెట్టి "కొన్నాడు". అవి మిగతా నలుగురికీ కనపడాలంటే ఆయన నెలనెలా చందా కూడా కట్టాలి. ఆయన ఉద్యోగం పోయింది. వీసా రద్దయింది, ఉన్న కొద్దిరోజుల్లో సామాను సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ పరిస్థితిలో ఎవడైనా మొదట ఆపేది ఇలాంటి ఖర్చులే కదా! ఆయన ఆపిన నెల నుంచి మా నలుగురికీ ఆ పుస్తకాలు కనపడటం మానేశాయి. వాటిని ఆనుకుని మేం రెండేళ్ళుగా రాసుకున్న పాత్రల వివరాల్లో సగం తాళం పడింది. అదే అచ్చు పుస్తకాలయితే ఆయన వెళ్తూ వెళ్తూ "తమ్ముడూ, ఇవి నీ దగ్గర ఉంచుకో" అని నా చేతిలో పెట్టేవాడు. పెట్టడానికి ఆయన చేతిలో ఏమీ లేదు.

కంపెనీల తరఫున వాదించేవాళ్ళు "షరతులు చదువుకోవాల్సింది" అంటారు. అయ్యా, అద్దె గురించి గల్ఫు వాళ్ళకు పాఠాలు చెప్పకండి. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ అద్దె తక్కువని అజ్మాన్‌లో ఉండేవాళ్ళం. ఏడాది అద్దెకు ముందుగానే చెక్కులు రాసిచ్చేవాళ్ళం. ఈ దేశంలో మా ఉనికే గడువున్న కాగితం మీద నడుస్తుంది. అద్దె మీద మాకు కోపం లేదు. కానీ మా ఇంటి ఒప్పందం మీద "అద్దె" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. పైన "అమ్మకం" అని రాసి, లోపలెక్కడో చిన్నక్షరాల్లో అద్దె అని రాస్తే దాన్ని మోసమే అంటారు. మన ఊళ్ళల్లో అద్దె పుస్తకాల షాపువాడు కూడా డిపాజిట్టు ఇంత, రోజుకు ఇంత అని ముందే చెప్పేవాడు. నవల నీకు అమ్మాను అనేవాడు కాదు.

ఇది మా ఒక్కరి గోడు కాదు. ఈ ఆట చరిత్ర చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ (1999 నుంచి హాస్‌బ్రో సొత్తు) 2009 ఏప్రిల్‌లో పైరసీ పేరు చెప్పి పీడీఎఫ్ అమ్మకాలన్నీ ఒక్కసారిగా ఆపేసింది. ముందే కొన్న పుస్తకాలను దుకాణం నుంచి మళ్ళీ దించుకునే దారి మూసుకుపోయింది. తమ హార్డ్ డిస్కులో దాచుకున్నవాళ్ళు మాత్రం నిశ్చింతగా చదువుకున్నారు. 2008లో వచ్చిన నాలుగో కూర్పుకు ఇన్‌సైడర్ అనే చందా పెట్టారు. పాత్రలు తయారుచేసుకునే ప్రోగ్రాము మొదట్లో మన కంప్యూటర్‌లోనే నడిచేది. 2010లో దాని స్థానంలో ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచేది తెచ్చారు. 2019 చివరితో అదీ మూతపడింది. 2024 ఆగస్టులో అయితే, తమ డీఅండ్‌డీ బియాండ్ సైటులో పాత మంత్రాల స్థానంలో కొత్త కూర్పు మంత్రాలు వచ్చి కూర్చుంటాయని ప్రకటించారు. జనం గగ్గోలు పెడితే కొద్దిరోజుల్లో వెనక్కి తగ్గారు. తగ్గారు సరే. నా బీరువాలో ఉన్న పుస్తకంలో పేజీలు మార్చేస్తామని ప్రకటించే వీలు అసలు ఒకరికి ఎందుకుండాలి?

"సర్వర్లు ఊరికే నడుస్తాయా? నువ్వూ సాఫ్ట్‌వేర్ వాడివే కదా" అని మా ఆఫీసులోనే ఒక మిత్రుడు దెప్పాడు. నిజమే, నెలసరి బిల్లింగు వ్యవస్థలు కట్టిపెట్టి జీతం తీసుకున్నవాణ్ణే. అందుకే చెప్తున్నాను. సర్వరుకు ఖర్చవుతుంది. ఆన్‌లైన్ మ్యాపులకు, వీడియో కాల్‌కు, పాత్రల లెక్కలు తనే కట్టిపెట్టే ప్రోగ్రాముకు నెలకింత అని తీసుకోండి, ఇస్తాం. అది సేవ. కానీ పుస్తకం సేవ కాదు. డబ్బు తీసుకున్నాక ఒక ఫైలు చేతికివ్వడానికి సర్వరు రోజూ కష్టపడనక్కర్లేదు. "దించుకో" అనే బొత్తాం పెట్టడం ఏ కుర్ర ప్రోగ్రామరుకైనా చేతనైన పని. అది లేకపోవడానికి కారణం సాంకేతికం కాదు, వ్యాపారం.

పైరసీ సంగతంటారా? పాత్‌ఫైండర్ ఆటను ప్రచురించే పైజో తన పుస్తకాలను తాళం లేని పీడీఎఫ్‌లుగా అమ్ముతుంది. కొన్నవాడి వివరాలు ప్రతి పేజీ మీదా ముద్రవేసి ఇస్తుంది. పైగా ఆ ఆట నియమాలన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైటులో ఉచితంగా, కంపెనీ అనుమతితోనే దొరుకుతాయి. ఆ కంపెనీ ఏమీ మునిగిపోలేదు.

"మేం ఆ ఆటలు ఆడం, మాకెందుకీ గోల" అనేవాళ్ళకు ఒక మాట. మీరు కిండిల్‌లో తెలుగు నవలలు కొంటారు కదా? 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను, అమ్మినవాడికి హక్కు లేదని తేలాక, కొన్నవాళ్ళ కిండిళ్ళలోంచి చెరిపేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, పుస్తకం మాత్రం పోయింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకునే సౌకర్యం కూడా తీసేసింది. ఇవాళ మా పాచికల ఆట, రేపు మీ నవల.

మేం గొంతెమ్మ కోరికలేం కోరడంలేదు. అద్దె అయితే అద్దె అని రాయండి. అమ్మితే ఫైలు ఇవ్వండి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం దాదాపు ఇదే చెప్తుంది. కొన్నవాడికి దక్కేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద "కొను" అనే మాట వాడకూడదు. ఎప్పటికీ ఉండిపోయేలా దించుకోనిస్తే ఆ గొడవే లేదు. మన దేశంలోనూ, ఇక్కడా ఇలాంటిది రావాలి.

వాడుకరులు కూడా అంత నిస్సహాయులేం కాదు. 2023 జనవరిలో ఇదే విజర్డ్స్ కంపెనీ, 2000 నుంచీ ఇతరులకు తెరిచి ఉంచిన లైసెన్సును కట్టడి చెయ్యబోయింది. ముసాయిదా బయటికి పొక్కింది, జనం మూకుమ్మడిగా చందాలు రద్దు చేసుకున్నారు. అదే నెల 27న కంపెనీ దిగొచ్చి, దాదాపు 400 పేజీల మూల నియమావళిని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. ఇక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అనువదించుకోవచ్చు, మూలం ఎవరిదో చెప్తే చాలు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు కంపెనీయే ఇచ్చింది. తెలుగు సంగతి వాళ్ళకు పట్టదు, మనమే చేసుకోవాలి.

మా గుంపు ఇప్పుడు చందా లేకుండా ఆ నియమావళితోనే ఆడుతోంది. నిజామాబాద్ అన్న ఫోన్‌లో కూర్చుంటాడు, పాచిక ఆయన తరఫున మా అమ్మాయి వేస్తుంది. మంత్రాల జాబితా తెలుగులోకి దించడం మొదలుపెట్టాం. నలభై అయ్యాయి. అయినంతవరకు ప్రింటు తీసి ఆయనకు ఒక ప్రతి పంపాం. చెయ్యి కలపాలనుకునేవాళ్ళు ఏ అక్షరం దగ్గరినుంచైనా మొదలుపెట్టండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు.