గుప్తరోగం కాదు, రోగం! దాచిపెడితే లాభం ఎవరికి?



పోయిన సంచికలో సుఖవ్యాధుల గురించి, స్త్రీల తెల్లబట్ట జబ్బు గురించి మేము నాలుగు మాటలు రాశాం. ఆ వారమే కొందరు పెద్దలు యూనియన్ ఆఫీసుకు వచ్చారు. "బోనస్ గురించి రాయండి, డి.ఎ. గురించి రాయండి, బదలీ కార్మికుల పర్మనెంటు గురించి రాయండి. ఈ సిగ్గుమాలిన మాటలు మనకెందుకు? బులెటిన్ ఇంటికి పట్టుకుపోతే ఆడవాళ్లు చదవరా?" అని నిలదీశారు.

చదవాలనే రాశాం. ఈ నెల ఇంకా వివరంగా రాస్తున్నాం.

ఆ పెద్దల మీద మాకు గౌరవం ఉంది. సమ్మెల్లో మాతో పాటు గేటు ముందు పస్తులున్నవాళ్లు వాళ్లు. కానీ ఈ విషయంలో వాళ్లది తప్పు. రోగం బోనస్ కంటే వేరే విషయం కాదు. మన బోనస్ ఎటు పోతున్నదో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

చంద్రపూర్ స్టేషన్ దగ్గర, బస్టాండు దగ్గర, సంతల్లో గోడలు చూడండి. "గుప్తరోగాలు, నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, సంతానలేమి – గ్యారంటీ వైద్యం" అని రాసి ఉంటుంది. జీతాల రోజు తర్వాత ఆ గుడారాల ముందు ఎవరుంటారు? ఆఫీసర్లు ఉండరు. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి బల్లార్షా రైలెక్కి పొట్టచేత పట్టుకొని వచ్చిన మనవాళ్లు ఉంటారు.

మా ఖాతాలో రింగ్ ఫ్రేము నడిపిన ఒక అన్న సంగతి చెబుతాం. పేరు రాయం. భార్యతో కాపురం సరిగా సాగడం లేదని లోలోపల కుమిలిపోయాడు. గుడారం వైద్యుని దగ్గరకు పోయాడు. చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చిపోయాయని వాడు భయపెట్టాడు. స్వర్ణభస్మం పేరు చెప్పి దీపావళి బోనస్ మొత్తం ఊడ్చుకున్నాడు. మరుసటి ఏడు పి.ఎఫ్. లోను కూడా అక్కడికే పోయింది. చివరకు కాలి పుండు మానక సర్కారు దవాఖానకు పోతే రక్తపరీక్ష చేశారు. షుగరు! ఎన్నేళ్ల నుంచి ఉందో తెలియదు. బొటనవేలు తీసేయవలసి వచ్చింది. మొదటే ఒక్క రక్తపరీక్ష చేయించుకుంటే కాలూ దక్కేది, కాపురమూ దక్కేది, బోనసూ దక్కేది.

ఇక్కడ మేము ఆత్మవిమర్శ చేసుకోవాలి. ఆ అన్న టీ క్యాంటీన్‌లో ఈ బాధ కొంచెం బయటపెట్టబోతే మనమే నవ్వాం. నవ్విన వాళ్లలో మేమూ ఉన్నాం. ఆ నవ్వే అతన్ని గుడారానికి తోలింది.

అందుకే సోదరులారా, అసలు సంగతి తెలుసుకోండి. వీర్యం రక్తం నుంచి చుక్కచుక్కగా కారే నిధి కాదు. లాలాజలం ఊరినట్లే అది శరీరంలో ఎప్పటికప్పుడు తయారవుతుంది. నిద్రలో పోవడం రోగం కాదు. హస్తప్రయోగం వల్ల నరాలు చావవు. నలభై దాటిన మనిషికి పటుత్వం తగ్గిందంటే చూడవలసినవి షుగరు, బి.పి., సారా, పొగాకు. మన విదర్భలో నోట్లో ఖర్రా లేనిదే చాలామందికి పాళీ గడవదు. ఆ పొగాకు రక్తనాళాలను ఇరుకు చేస్తుంది. సన్నటి నాళాలున్న చోట ముందు దెబ్బ కనబడుతుంది, తర్వాత గుండెకు తగులుతుంది. కాబట్టి ఈ లోపం కొన్నిసార్లు గుండెపోటుకు ముందు వచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరికను భస్మం పొట్లంతో మూసిపెడతారా?

ఇంకో అన్యాయం. పిల్లలు పుట్టకపోతే ఆడదాన్ని గొడ్రాలంటారు, మగవానికి రెండో పెళ్లి చేస్తారు. పిల్లలు లేని జంటల్లో సుమారు మూడో వంతు నుంచి సగం వరకు లోపం పురుషునిలోనూ ఉంటుంది. వృషణాలకు శరీరం కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావాలి, అందుకే ప్రకృతి వాటిని బయట పెట్టింది. మన ఖాతాల్లో నూలు తెగకూడదని వేడి, చెమ్మ పెంచుతారు. దారం తెగితే యాజమాన్యానికి కనబడుతుంది. ఆ వేడిలో ఎనిమిది గంటలు నిలబడే మనిషికి ఏమవుతున్నదో ఎవరికి కనబడుతుంది? ముందు మగవాని వీర్యపరీక్ష చేయించండి. అది సులువైన పరీక్ష, కోత లేదు, నొప్పి లేదు. ఆ తర్వాతనే ఇంటి ఆడబిడ్డను మాట అనండి. అప్పుడు అననే అనరు.

ఇక అక్కాచెల్లెళ్ల సంగతి. 1982 వరకు మన చంద్రపూర్ జిల్లాలో భాగంగా ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్ష చేశారు. జబ్బు ఉందని వచ్చినవారినే కాదు, ఊళ్లోని స్త్రీలందరినీ పిలిచి చూశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉన్నట్లు తేలింది. అంతకుముందు ఎన్నడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మంది మాత్రమే! ఈ లెక్క 1989లో లండన్ నుంచి వచ్చే లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయితే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మన పక్క ఊళ్ల ఆడవాళ్ల బాధ లండన్‌లో చదివారు, మన ఇంట్లో మనం అడగలేదు.

ఆ 92 మంది నడవడి చెడినవారా? కాదు. అందులో ఎక్కువ భాగం గర్భాశయ ద్వారం వాపు, యోనిలో ఇన్ఫెక్షన్, నెలసరి తేడాలు. సిగ్గు వల్ల చెప్పలేదు, అడిగేవారు లేక ముదిరింది.

మన మిల్లులోనూ అదే కథ. మెషిను వదిలిపోతే జాబర్ కేకలేస్తాడని, మరుగుదొడ్డికి తలుపు లేదని చెల్లెళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రం ఆపుకుంటారు. తర్వాత మంట, జ్వరం, నడుం నొప్పి. తాగేనీరు, స్త్రీలకు వేరే మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మరుగుదొడ్డి తలుపు కూడా డిమాండ్ల పత్రంలో చేరవలసిన ఆరోగ్య సమస్యే!

అక్కలారా, కొద్దిగా తెల్లబట్ట అవడం సహజం. వాసన, దురద, రంగు మారడం, పొత్తికడుపు నొప్పి, కలయిక తర్వాత రక్తం, బహిష్టులు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. గర్భాశయ ముఖ క్యాన్సర్ మెల్లగా పెరిగే జబ్బు. ముందే పట్టుకుంటే నయమవుతుంది. ముప్పై దాటిన ప్రతి స్త్రీ నొప్పి లేకపోయినా సర్కారు దవాఖానలో ఆ పరీక్ష చేయించుకోవాలి.

సవాయి, సెగ వంటి సుఖవ్యాధుల గురించి కూడా దాపరికం వద్దు. సవాయి పుండు నొప్పి పెట్టదు, దానంతట అదే మానుతుంది. గుడారం వైద్యుడు తన మందుతోనే మానిందంటాడు. రోగం మాత్రం రక్తంలో దాగి ఉంటుంది, కడుపులోని బిడ్డకూ అంటుతుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బు అది. భర్త ఒక్కడే మందు వాడితే లాభం లేదు, భార్యాభర్తలు ఇద్దరూ వాడాలి. నిరోధ్ వాడకం సిగ్గుపడే పని కాదు. హెచ్.ఐ.వి.కి 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా మందులిస్తున్నారు. ఆ మందులు క్రమంగా వాడేవారు మనలాగే డ్యూటీ చేసుకుని బతుకుతున్నారు. 2018లో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. ఉందని ఎవరినీ పనిలోంచి తీయరాదు, ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్ష అడగరాదు. ఎవరైనా అడిగితే యూనియన్‌కు చెప్పండి. సలహా కావాలంటే 1097కు ఫోను చేయండి, డబ్బులు పడవు.

మరి గోడల మీది రాతల సంగతి? సంభోగ శక్తి పెంచుతాం, సుఖవ్యాధులు నయం చేస్తాం, నెలసరి సరిచేస్తాం అని ప్రకటనలు వేయడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు ఉంది. గోడ మీద మన యూనియన్ పోస్టరు అంటిస్తే వెంటనే కేసు పెట్టేవారికి ఈ రాతలు కనబడవా?

ఇ.ఎస్.ఐ. పథకం 1952లో కాన్పూర్, ఢిల్లీ కార్మికులతో మొదలైంది. అది దానం కాదు. మన జీతంలోంచి ప్రతి నెలా వాటా కోసుకుంటున్నారు. 2019 జూలైలో ఆ వాటాను నూటికి 75 పైసలు చేశారు, యజమాని వాటాను 3 రూపాయల 25 పైసలు చేశారు. అంటే ఇ.ఎస్.ఐ. డాక్టరుకు మనం ముందే ఫీజు కట్టాం. భార్యాపిల్లలకూ అందులో వైద్యం ఉంది. కట్టిన ఫీజు వదిలేసి గుడారంలో రెండోసారి ఎందుకు కడతారు? "డాక్టరు సరిగా చూడడు, వరుసలో అందరి ముందు అడుగుతాడు" అంటారు. నిజమే, మేమూ ఆ వరుసల్లో నిలబడ్డాం. దానికి మందు ఇంటికి తిరిగిరావడం కాదు, పరదా కట్టమని, లేడీ డాక్టరును వేయమని కొట్లాడటం.

సిగ్గు రోగం సిగ్గు పోగొట్టుకోవడం మన జిల్లాకు కొత్త కాదు. వరోరాలో వకీలుగా ఉన్న బాబా ఆమ్టే ఒక కుష్ఠు రోగిని చూసి మొదట భయపడి పారిపోయానని తానే చెప్పుకున్నారు. ఆ భయాన్ని జయించి 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించారు, ఆనంద్‌వన్ నిలబెట్టారు. కుష్ఠును శాపం అన్న మాట మన కళ్ల ముందే వెనక్కి పోయింది. అంత భయమే జయించినచోట తెల్లబట్ట, షుగరు, సవాయి అనే మాటలకు మనం నోరు మూసుకోవాలా?

మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి ఖాతా దగ్గర స్త్రీలకు తలుపు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి. అక్కడికి పోయిన సమయానికి జీతం కోత ఉండరాదు.

2. ఏడాదికి ఒకసారి డ్యూటీ వేళలోనే షుగరు, బి.పి. పరీక్ష, స్త్రీలకు లేడీ డాక్టరు పరీక్ష. ఫలితం కార్మికుని చేతికే ఇవ్వాలి, యాజమాన్యం చేతికి కాదు.

3. ఇ.ఎస్.ఐ. దవాఖానలో పరదా, వారానికి కొన్ని రోజులైనా లేడీ డాక్టరు, మన భాష తెలిసిన మనిషి.

4. చట్టవిరుద్ధమైన గోడరాతలు చెరిపించాలి.

మనం చేయవలసినవి కూడా ఉన్నాయి. క్యాంటీన్‌లో ఎవరైనా బాధ చెప్పుకుంటే నవ్వకండి. దవాఖానకు తోడు పోండి. ఈ కాగితం ఇంట్లో దాచకండి, అమ్మకు, అక్కకు, భార్యకు చదివి వినిపించండి.

ఆఫీసుకు వచ్చిన పెద్దలకు కూడా ఒక మాట. మీలో ఒకరు మాట్లాడటం అయ్యాక అందరినీ ముందు పంపించి, వెనక్కి తిరిగి వచ్చి, "ఆ షుగరు పరీక్ష ఎక్కడ చేస్తారు?" అని మెల్లగా అడిగారు. వచ్చే సోమవారం మొదటి పాళీ అయ్యాక గేటు దగ్గర కలుద్దాం పెద్దన్నా! మేమూ పరీక్ష చేయించుకోవాలి. కలిసే పోదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– యూనియన్ కార్యదర్శి