ఆర్మీ ఉద్యోగమంటూ ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టొద్దు

రాయదుర్గం, కణేకల్లు, గుమ్మఘట్ట, బొమ్మనహాళ్, డి.హీరేహాళ్ పల్లెల్లో మిలిటరీకి పోవాలని తెల్లవారకముందే పరుగు సాధన చేసే పిల్లలకూ, వాళ్లను కన్నవాళ్లకూ ఈ మాట. పిల్లల కోరికను తప్పుపట్టడానికి కాదు. వానను నమ్మి వేరుశనగ వేస్తే పెట్టుబడి కూడా తిరిగి రాని నేల ఇది. జీన్స్ కుట్టే మిషన్ల ముందో, బెంగళూరు కట్టడం పనుల్లోనో వయసు కరిగిపోతోంది. నెల తిరిగేసరికి జీతం, ఊళ్లో మర్యాద తెచ్చే కొలువు ఎవరికి చేదు?

భయమల్లా ఒకటే. సైన్యం మారిపోయింది. దాని గురించి మనం రచ్చబండ మీద చెప్పుకునే లెక్క మాత్రం పాతదే. ఈ రెంటి మధ్య సందులోనే మోసగాడు కాపు కాసి ఉన్నాడు.

ముందు ఆ మార్పేమిటో తెలుసుకోండి. 1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక మన దేశం సైన్యాన్ని బాగా పెంచుకుంది. 1976 నుంచి జవానుకు 17 ఏళ్ల కొలువు. 15 ఏళ్లు నిండితే జీవితాంతం పింఛను. మన పెద్దలు ఎరిగిన మిలిటరీ అదే. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత కె.సుబ్రహ్మణ్యం కమిటీ, సైన్యం ఎప్పుడూ కుర్రవయసులో ఉండాలనీ, కొలువును ఏడు నుంచి పదేళ్లకు కుదించాలనీ సలహా ఇచ్చింది. 2020 జనవరిలో మూడు దళాలకూ కలిపి ఒక అధిపతి వచ్చారు. అదే ఏడు జూన్‌లో గల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ప్రాణమిచ్చాడు. క్షిపణులకూ, డ్రోన్లకూ, కొత్త విమానాలకూ డబ్బు కావలసి వచ్చింది. 2022-23లో రక్షణ బడ్జెట్ 5.25 లక్షల కోట్లయితే, అందులో పింఛన్లకే 1.19 లక్షల కోట్లు పోయే పరిస్థితి. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ అనే నియామక పథకం ప్రకటించింది.

దాని లెక్క ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకోండి. అగ్నివీర్ పేరుతో చేరే పిల్లవాడికి కొలువు నాలుగేళ్లు. మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి పట్టుకుంటారు. అంటే మొదటి ఏడు చేతికొచ్చేది 21,000. ప్రభుత్వమూ అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్ల చివర వడ్డీతో సుమారు 11.71 లక్షలు ఇస్తామని పథకం చెబుతోంది. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. నూటికి 25 మంది వరకే శాశ్వత కొలువులో ఉంచుకుంటారు. ఈ విధానం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరు. సంతకం పెట్టే పిల్లవాడికి మాత్రం ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. పింఛను వస్తుందనే లెక్కతో అప్పు చేయకండి, పెళ్లి సంబంధం మాట్లాడకండి.

ఇప్పుడు దళారి సంగతి. 2023 నుంచి ఆర్మీలో ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష. అందులో నెగ్గితేనే ర్యాలీ. అక్కడ 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్, తొమ్మిది అడుగుల గుంత. ఆ తర్వాత మెడికల్, చివరికి మెరిట్ లిస్టు. అనంతపురం జిల్లా వాళ్లకు సంబంధించిన సైనిక నియామక కార్యాలయం గుంటూరులో ఉంది. దరఖాస్తుకు అభ్యర్థి కడుతూ వచ్చింది 250 రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా అనుమానించండి.

దళారి కిటుకు చూడండి. పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటాడు. అందులో ఇద్దరు సొంత కష్టంతో నెగ్గుతారు. తానే పెట్టించానని ఊరంతా చెప్పుకుంటాడు. మిగిలిన ఎనిమిదిమందినీ ‘వచ్చే ర్యాలీలో చూద్దాం’ అని తిప్పుతాడు. ఆ ఇద్దరి పేర్లు చూపించి మరో ఇరవైమందిని పోగేస్తాడు. వాడికి తెలిసిన ఆఫీసరూ లేడు, చేసిన సాయమూ లేదు.

ఈ గుర్తులు కనిపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ‘మెడికల్‌లో నేను చూసుకుంటా’ అంటే నమ్మొద్దు. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ తన దగ్గరే ఉంచమంటే ఇవ్వొద్దు. వాట్సాప్‌లో సీలు వేసిన కాల్ లెటర్ వస్తే, సైన్యం వెబ్‌సైట్‌లో మీ నంబరుతో సరిచూడండి. డబ్బు తీసుకుని రసీదు ఇవ్వకపోయినా, ‘ఎవరికీ చెప్పకు, పని చెడుతుంది’ అన్నా మోసం జరుగుతోందనే అర్థం. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మరో ముప్పు, కేసు. కోవిడ్ పేరుతో రెండేళ్లు ఆర్మీ నియామకాలు ఆగాయి. ఆపై అగ్నిపథ్ రావడంతో కడుపు మండిన పిల్లలు 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరారు. రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. విధ్వంసంలో పాల్గొనలేదని రాసివ్వాలనీ, పోలీసు విచారణలో తేలితేనే చేర్చుకుంటామనీ సైన్యం ఆ వెంటనే చెప్పింది. ఎవరో వాట్సాప్‌లో రెచ్చగొడితే పోయేది మీ బతుకు. మీ బాధ చెప్పుకోండి, అర్జీ పెట్టండి, శాంతియుతంగా కూర్చోండి. రాయి మాత్రం పట్టకండి.

ఒళ్లు జాగ్రత్త. పరుగు తొందరగా రావాలని ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు వేసుకోకండి. మన ఎండలో నీళ్లు తాగకుండా పరుగెత్తకండి. మోకాలు పోతే మిలిటరీతోపాటు మడి పని కూడా పోతుంది.

చేరిన పిల్లల ఇంటివాళ్లూ వినండి. బిడ్డ ఎక్కడున్నాడో, ఏ యూనిటో, ఎప్పుడు కదులుతున్నాడో ఫేస్‌బుక్‌లో పెట్టకండి. 2019 డిసెంబరులో విశాఖ కేసులో ఏడుగురు నావికులు అరెస్టయ్యారు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన అమ్మాయిల వలలో పడి సమాచారం పంపారన్నది అభియోగం. ఆ నెలలోనే నౌకాదళం స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. ఇది ఆట కాదు. 2025 మేలో మన పక్కనే గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ, అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో పాక్ కాల్పులకు బలయ్యాడు. నాలుగేళ్ల కొలువైనా ప్రాణం పణంగా పెట్టే కొలువే. అగ్నివీర్‌కు 48 లక్షల బీమా ఉంది. విధి నిర్వహణలో మరణిస్తే మరో 44 లక్షలు ఇవ్వాలన్నది నియమం. నామినీ పేరు, బ్యాంకు ఖాతా వివరాలు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

చివరిది, అన్నిటికన్నా దగ్గర్లో ఉన్నది. 2022 డిసెంబరు, 2023 జనవరిల్లో శిక్షణకు వెళ్లిన మొదటి జట్టుకు 2026 ఆఖరున, 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. పాతికేళ్లకు అటూఇటూగా ఉన్న పిల్లలు పదకొండు లక్షలతో ఇంటికొస్తారు. ఆ డబ్బు కోసం చీటీలవాడు వస్తాడు, ప్లాట్లవాడు వస్తాడు, ఫోన్‌లో బెట్టింగ్ యాప్ వస్తుంది. మొదటి ఆరు నెలలు ఆ సొమ్మును బ్యాంకులోనే ఉంచండి. పదో తరగతితో చేరినవాళ్లు జాతీయ ఓపెన్ స్కూలైన ఎన్‌ఐఓఎస్ ద్వారా ఇంటర్ పూర్తి చేయండి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్ ఉంది. సర్వీసులో ఉండగానే ఆ పరీక్షలకు చదవండి.

మాస్టార్లు, సర్పంచులు, పాత సైనికులు ప్రతి ఊళ్లో ఒక సాయంత్రం పిల్లలనూ తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పండి. నాయనలారా, మీ కాళ్లనూ, మీ చదువునూ నమ్ముకోండి. దళారికి ఇవ్వడానికి మీ అమ్మ మెడలో గొలుసు మాత్రం తీయించకండి.