పుస్తకం మీదా పట్టుండాలి!

‘‘అమ్మా, నేనింక బడికి పోను. కుస్తీ నేర్చుకుంటా. చదువంటావా... ఫోన్లో చదువుకుంటాలే!’’

ఖమ్మం జిల్లా కల్లూరులోనో, అడవి దాటాక భద్రాచలం వైపు వచ్చే ఏ పల్లెలోనో పన్నెండేళ్ల కొడుకు ఓ ఉదయం ఇలా ప్రకటించాడనుకోండి. ఇంట్లో ఏం జరుగుతుంది? అమ్మ చేతిలో గరిటె ఆగిపోతుంది. నాన్న పేపరు మడిచి పక్కన పెడతాడు. ‘‘కుస్తీలు పట్టి బాగుపడ్డోళ్లు ఎవరున్నార్రా?’’ అంటూ నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంటుంది.

బాగుపడినవాళ్లు ఉన్నారు నాయనమ్మా! హర్యానాకు చెందిన అమన్ సెహ్రావత్ పదేళ్లకే ఢిల్లీలోని ఛత్రసాల్ స్టేడియంలో కుస్తీ నేర్చుకోవడానికి చేరాడు. చిన్నవయసులోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచేనాటికి అతని వయసు 21. సాక్షీ మలిక్ 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చి, ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళా మల్లయోధురాలైంది. గీతా ఫోగట్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆమె తండ్రి కథే ఆ తర్వాత సినిమాగా వచ్చి ఇంటింటికీ తెలిసింది.

కాబట్టి పిల్లాడి కోరిక పిచ్చిది కాదు. అయితే ఆ మాటలో రెండో సగం ఉంది చూశారూ... ‘ఫోన్లో చదువుకుంటాలే’ అన్నది, అసలు ఆలోచించాల్సింది దాని గురించే.

కలియుగ భీముడికీ కాగితం కావాల్సొచ్చింది!

తెలుగువాళ్లకు మల్లయుద్ధం అనగానే గుర్తొచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో 1882లో పుట్టాడు. చిన్నతనంలో చదువంటే గిట్టేది కాదు. బడికని బయల్దేరి వ్యాయామశాలకు చేరేవాడని చెబుతారు. విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరుగుతూ కండలు పెంచాడు, కుస్తీ పట్లు నేర్చాడు. తర్వాత గుండె మీద ఏనుగును ఎక్కించుకుని, ఇనుప గొలుసులు తెంచి దేశదేశాల జనాన్ని నివ్వెరపరిచాడు. ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు.

అంతటివాడూ మధ్యలో ఓ పని చేశాడు. మద్రాసు వెళ్లి సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ విద్యలో శిక్షణ పొందాడు. ఆ అర్హతతోనే తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. సర్కస్, బిరుదులు, పేరు ప్రఖ్యాతులు... అన్నీ ఆ తర్వాతే. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి కాలే తీసేయాల్సి వచ్చింది. ఏనుగును మోసిన శరీరమైనా ఎల్లకాలం మాట వినదు. ఒళ్లు అడ్డం తిరిగిన రోజున చేతిలో మరో విద్య ఉండాలి. కుస్తీ పిల్లలకు చదువు ఎందుకంటే ఇందుకే.

పైగా గోదాలోకి దిగిన వందమందిలో పతకందాకా వెళ్లేది ఎందరు? మోకాలు తిరగబడితే, భుజం జారితే ఒక్క పూటలో లెక్క మారిపోతుంది. క్రీడా కోటా కింద రైల్వేలో ఉద్యోగం అడిగినా పతకంతోపాటు పోస్టును బట్టి పదో తరగతో, ఇంటరో పాసైన సర్టిఫికెట్ చూపించాలి. సాక్షి కూడా గోదాలో ఆడుతూనే వ్యాయామ విద్యలో పీజీ దాకా చదివింది.

జపాన్‌లో అలా... అమెరికాలో ఇలా

ఆటకీ చదువుకీ ముడి ఎలా వేయాలన్నది మన ఒక్కరి సమస్యే కాదు. జపాన్ ఒలింపిక్ కమిటీ 2008లో ఎలైట్ అకాడమీ మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్న ఆటల్లో కుస్తీ ఒకటి. అక్కడి పిల్లలు టోక్యోలోని జాతీయ శిక్షణ కేంద్రంలో ఉంటారు, దగ్గర్లోని మామూలు బడికి వెళ్లొస్తారు. ఆ అకాడమీ నుంచే యుయి సుసాకి వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ప్రత్యర్థులకు ఒక్క పాయింటూ ఇవ్వకుండా 50 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. వసేదా విశ్వవిద్యాలయంలో చదువూ పూర్తిచేసింది. బడి మానకుండానే బంగారం సాధించవచ్చని చూపించింది.

అమెరికాలో కొన్ని కుస్తీ అకాడమీలది మరో పద్ధతి. ఉదయం సాధన, సాయంత్రం సాధన, మధ్యలో ఆన్‌లైన్ బడి. పిల్లలంతా ఒకే గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఎవరి పాఠం వారిదే. కానీ గదిలో ఓ పెద్దమనిషి ఉంటారు. ఎవరు పాఠం వింటున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరి హోంవర్కు మిగిలిందో చూడటమే ఆయన పని. ఇందులో కీలకం కంప్యూటర్ కాదు, ఆ మనిషే.

మరి గుకేశ్ సంగతి? చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని ఈ కుర్రాడు నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో 18 ఏళ్లకే చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ‘చూశారా, బడి మానితేనే...’ అని పిల్లలు వాదించవచ్చు. కానీ ఆ విజయం వెనక చూడండి. తండ్రి ఈఎన్‌టీ వైద్యుడు. ప్రాక్టీసు పక్కనపెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగాడు. తల్లి మైక్రోబయాలజిస్టు. ఆమె సంపాదనతో ఇల్లు గడిచింది. అంటే బడి మానినా ఆ పిల్లాడి పక్కన మనిషి మాత్రం తప్పలేదు. పొలం పనులకు వెళ్లే అమ్మానాన్నలకు అంత వెసులుబాటు ఎక్కడిది?

పద్నాలుగు దాటాకే...

మన దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకూ చదువు పిల్లల హక్కు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. మరోవైపు, అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య వయో విభాగాల్లో మొట్టమొదటిది అండర్-15. అందులో ప్రధానంగా 14, 15 ఏళ్ల పిల్లలు తలపడతారు. సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతికి చేరాలన్నా పద్నాలుగేళ్లు నిండాలి. చట్టం, ఆట, చదువు... మూడూ చెబుతున్నది ఒకటే. పద్నాలుగు దాకా తొందరొద్దు!

అప్పటిదాకా పిల్లాడు బడిలోనే ఉండాలి. బడికి ముందు గంట, తర్వాత గంటన్నర సాధన చాలు. పరుగు, దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం, పల్టీలు... ఈ వయసులో కావాల్సినవి ఇవే. ఆసక్తి నిజంగానే గట్టిదైతే ఆటా చదువూ ఒకే చోట దొరికే బళ్లున్నాయి. హైదరాబాద్ శివార్లలోని హకీంపేట క్రీడా పాఠశాల 1993 నుంచీ నడుస్తోంది. సైన్యం నడిపే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల్లో ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని తీసుకుంటారు, ఆటతోపాటు చదువూ చెప్పిస్తారు. 2018 యూత్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ జెరెమీ లాల్‌రినుంగా అలా వచ్చినవాడే. అయితే ఏ ఏడు ఏయే ఆటలకు ఎంపికలు జరుగుతున్నాయో ముందే కనుక్కుని వెళ్లాలి.

పద్నాలుగు దాటాక, శిక్షకుడు కూడా ‘వీడిలో సత్తా ఉంది’ అన్నాక, అప్పుడు సార్వత్రిక విద్య గురించి ఆలోచించవచ్చు. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్) పదో తరగతిని తెలుగు మాధ్యమంలోనూ అందిస్తోంది. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు ఉంటాయి. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. పోటీలు లేని నెలల్లో రెండు రాసి, మిగతావి తర్వాత రాసుకోవచ్చు. పరీక్షలు ఏటా రెండుసార్లు జరుగుతాయి. 2021లో మొదలైన వర్చువల్ పాఠశాలలో ఆన్‌లైన్ పాఠాలూ ఉన్నాయి. రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు ఎటూ ఉన్నాయి. మామూలు బళ్లో ఉంటూనే జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లే పిల్లలకూ ఓ వెసులుబాటుంది. పరీక్ష రోజునే పోటీ పడితే సీబీఎస్ఈ వాళ్లకు విడిగా పరీక్ష పెడుతోంది.

వెసులుబాటే ఉచ్చు కాకూడదు

అయిదేళ్ల గడువు వరమే. కానీ ‘ఇంకా టైముంది కదా’ అనుకునేవాళ్లకు అదే ఉచ్చు. ఈసారి కాకపోతే వచ్చేసారి అంటూ వాయిదా వేసుకుంటూ పోతే, ఇరవై ఏళ్లొచ్చినా పదో తరగతి పుస్తకాలు అటక దిగవు.

ఇక ఆన్‌లైన్ చదువు ఎలా ఉంటుందో మన ఇళ్లకు కొత్తగా చెప్పాలా? కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ముందు కూర్చున్నారు. ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం పిల్లలు గుట్టలెక్కారు. అమ్మో, నాన్నో పక్కన కూర్చున్న ఇళ్లలో ఎంతో కొంత చదువు సాగింది. ఫోన్ చేతికిచ్చి పనికి వెళ్లిపోయిన ఇళ్లలో పాఠం పోయి ఆటలే మిగిలాయి. తెరకు పిల్లాడి మొహం కనిపించదు. అర్థం కాక బిక్కమొహం వేశాడా, ఒళ్లు నొప్పులతో కళ్లు మూసుకుపోతున్నాయా... చూసి గమనించాల్సింది పక్కనున్న మనిషే.

ఆ మనిషి తండ్రే కానక్కర్లేదు. డిగ్రీ చదివిన మేనత్త కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు, అకాడమీ నియమించిన ట్యూటర్ కావచ్చు. అన్ని సబ్జెక్టులూ వచ్చి ఉండక్కర్లేదు. రోజూ ఒకే వేళకు వచ్చి కూర్చోవాలి. నిన్నటి పాఠం అప్పజెప్పించుకోవాలి. వారానికోసారి చిన్న పరీక్ష పెట్టాలి. చదువు వెనకబడిందని శిక్షకుడికి చెప్పే చొరవా ఉండాలి. ‘హోంవర్కు కాలేదు, సాయంత్రం గోదాలోకి దిగొద్దు’ అనగలిగే ఉస్తాదు దొరికితే ఆ పిల్లాడు అదృష్టవంతుడే!

అకాడమీలో చేర్చే ముందు అమ్మానాన్నలు అడగాల్సినవి నాలుగున్నాయి. చదువు వేళకు గదిలో ఎవరుంటారు? పరీక్షల నెలలో సాధన తగ్గిస్తారా? దెబ్బ తగిలితే డాక్టరు ఎవరు, ఖర్చు ఎవరిది? పిల్లాడు మధ్యలో వద్దనుకుంటే తిరిగి బళ్లో చేరేందుకు కాగితాలన్నీ సిద్ధంగా ఉంటాయా? వీటికి నీళ్లు నమిలే చోట పిల్లల్ని వదిలి రావడం మంచిది కాదు.

రోజు ఎలా గడవాలి?

అయిదింటికి నిద్ర లేవడం, ఆరు నుంచి ఎనిమిది దాకా సాధన. స్నానం, కడుపునిండా టిఫిన్. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా చదువు, మధ్యలో రెండుసార్లు విరామం. భోజనం, ఓ గంట కునుకు. నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు మళ్లీ గోదా. రాత్రి అన్నానికి ముందు ముప్పావుగంట పునశ్చరణ. తొమ్మిదింటికల్లా ఫోన్ అమ్మ దగ్గరకు, పిల్లాడు పక్క మీదకు! ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. చదువుకైనా, కండకైనా నిద్రే ఎరువు. లెక్కలు, సైన్సు వంటివి ఉదయం పూటే పెట్టాలి. సాయంత్రం సాధన తర్వాత కొత్త పాఠం తలకెక్కదు.

మరో హెచ్చరిక. కుస్తీ అంటే బరువు విభాగాల ఆట. పారిస్‌లో 100 గ్రాములు ఎక్కువున్నందుకు వినేశ్ ఫోగట్ ఫైనల్‌కు దూరమైంది. కాంస్య పోరుకు ముందు అమన్ పది గంటల్లో 4.6 కిలోలు తగ్గాల్సి వచ్చింది. అది పెద్దవాళ్లు నిపుణుల మధ్య చేసిన పని. ఎదిగే పిల్లల్ని అన్నం మాన్పించి, నీళ్లు ఆపి బరువు తగ్గించడం తప్పు. కడుపు మాడిన పిల్లాడికి పాఠమూ ఎక్కదు, పట్టూ దొరకదు.

అడవి అంచున ఆశ

కల్లూరు చుట్టుపక్కల కబడ్డీ కూత వినిపించినంతగా కుస్తీ పట్టు కనిపించదు. గోదా ఉన్నచోటికి పంపాలంటే పిల్లాడు ఇల్లు వదలాల్సిందే. అమ్మకు బెంగ ఉండటం సహజం. కానీ ఈ అడవి అంచు పిల్లలు దూరాలకు భయపడేవాళ్లు కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణతోపాటు ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ భద్రాచలం ఏజెన్సీలోని చర్ల ప్రాంతంవాడే. అప్పటికి అతను అన్నపురెడ్డిపల్లి గురుకులంలో విద్యార్థి. శిఖరం ఎక్కే పిల్లలకు తిరిగి రావడానికి బడి ఒకటి ఉంది. పంపినవారున్నారు, వెంట నడిపించినవారున్నారు.

కాబట్టి ఆ ఉదయం మాట విని అమ్మ గరిటె ఎత్తనక్కర్లేదు. నాన్న కోప్పడనక్కర్లేదు. ‘‘సరేరా బిడ్డా, పద్నాలుగు నిండేదాకా బడి. పొద్దున్నే లేచి దండీలు తియ్యి. ఆ తర్వాత కూడా నీ మనసు గోదా మీదే ఉంటే, నీ పక్కన కూర్చుని చదివించే మనిషిని చూసే పంపుతాం’’ అని చెబితే చాలు.

పిల్లాడు రేపు అయిదింటికి లేస్తాడా? లేస్తే సగం పరీక్ష పాసైనట్టే. మిగతా సగం అమ్మానాన్నలది!