చందా కట్టని పైలట్‌కు కూడా విశ్రాంతి దొరుకుతుంది, మరి?

కోవిల్‌పట్టి దగ్గర ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ పైలట్ శిక్షణ పాఠశాల పెట్టించాలని తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో ప్రయత్నిస్తోంది. కళుగుమలై నుంచి అది కొద్దిపాటి బస్సు ప్రయాణమే. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి తెలుగు యవనస్థుల కూడికల్లో పైలట్ మాట తరచు వినబడుతోంది. అమ్మమ్మ, అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చిన ఇంటి నుంచి ఒక పిల్లవాడు విమానం నడపాలని కలగంటే దేవునికి స్తోత్రం. అలాంటివాళ్లలో ఒకతను ఈమధ్య నన్ను అడిగాడు: "అయ్యగారూ, పైలట్‌కి లక్షల్లో జీతం. యూనియన్ చందా ఎందుకు కట్టాలి? ఉత్సాహంగా ఇచ్చేవాణ్ణే దేవుడు ప్రేమిస్తాడని మీరే చెప్పారు కదా, బలవంతపు చందా వాక్యానుసారమేనా?"

మంచి ప్రశ్న. నా జవాబు మాత్రం అతనికి నచ్చలేదు. కట్టాలి అన్నాను. ఇష్టాయిష్టాలకు వదిలేయకూడదు అని కూడా అన్నాను.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. విమానాశ్రయాల్లో జనం నేలమీద పడుకున్నారు. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే పౌర విమానయాన మంత్రి కాబట్టి తెలుగు చానెళ్లలో రోజంతా అదే చర్చ. ఆ గందరగోళానికి పైలట్ల విశ్రాంతి నిబంధనలే కారణమన్నట్టు కొందరు మాట్లాడారు. ఆ నిబంధనలు ఊరికే రాలేదు. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి ల్యాండింగులను తగ్గిస్తూ డీజీసీఏ 2024 జనవరిలో ప్రకటించింది. తర్వాత అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. చివరికి 2025 జులైలో కొన్ని, నవంబరులో మిగిలినవి అమల్లోకి వచ్చాయి. కొత్త రూల్స్‌కు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోవడం సంస్థ పని. అది జరగలేదు. దాంతో ఇండిగోకు కొన్నాళ్లపాటు మినహాయింపులిచ్చారు.

ఆ కేసుకు వకీళ్ల ఫీజు ఎవరు కట్టారు? చందా కట్టిన సభ్యులు. 48 గంటల విశ్రాంతి ఎవరికి? అందరికీ. ఒక్క రూపాయి ఇవ్వని పైలట్ కూడా అంతే నిద్రపోతాడు. అతని వెనక సీట్లలో కూర్చున్న మనమూ క్షేమంగా దిగుతాం. చందా ఎగ్గొట్టిన పైలట్‌కు పాత 36 గంటలే ఇవ్వండి అని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. పోరాటం కొందరిది, ఫలం అందరిదీ అయినప్పుడు ఖర్చు కొందరి నెత్తిన పడటం న్యాయమేనా?

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. పౌలు కొరింథీయులకు ఉత్సాహంగా ఇవ్వమని రాసింది యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం పోగుచేస్తున్న సహాయం గురించి. అది కానుక. ఎదుటివాని అవసరానికి ఇచ్చేది. దాన్ని బలవంతం చేస్తే కానుకే కాదు. కానీ నిర్గమకాండము 30వ అధ్యాయంలో ఇంకో రకం ఇవ్వడం ఉంది. ఇరవై ఏళ్లు దాటి లెక్కలో చేరిన ప్రతివాడూ అరతులము ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. అక్కడ ఉత్సాహం ప్రస్తావన లేదు. లెక్కలో ఉన్నావా, నీ వంతు ఉంది. కపెర్నహూములో అరషెకెలు పన్ను అడిగినప్పుడు కుమారులు స్వతంత్రులే అని చెప్పిన ప్రభువు, తర్వాత పేతురును గాలం వేయమని పంపి ఇద్దరి తరఫునా కట్టించాడు. యూనియన్ చందా పన్ను కాదు, దేవాలయపు సొమ్మూ కాదు, ఒప్పుకుంటాను. అయినా అది కానుక కంటే ఈ రెండో రకానికి దగ్గర.

మన తెలుగులో చర్చినీ సంఘమే అంటాం, యూనియన్‌నీ సంఘమే అంటాం. చాలా చర్చిల్లో సంఘ చందా బాకీ ఉన్నవారికి కమిటీ ఎన్నికల్లో ఓటు లేదు. అది వాక్యవిరుద్ధమని ఎవరూ లేచి అనగా నేను వినలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చందా పుస్తకం కనబడగానే మాత్రం మనకు ఆత్మీయ స్వాతంత్ర్యం గుర్తొస్తుంది.

చట్టం సంగతి చూస్తే, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ కనీస చందాను గ్రామీణ కార్మికులకు ఏడాదికి 1 రూపాయి, ఇతర అసంఘటిత కార్మికులకు 3 రూపాయలు, మిగతావారికి 12 రూపాయలుగా పెట్టింది. ఇది సభ్యులకే. జీతంలోంచి కోయాలంటే కార్మికుడి రాతపూర్వక అంగీకారం కావాలి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం పలు యూనియన్లున్నచోట 51 శాతం మద్దతు ఉన్నదానికే యాజమాన్యంతో బేరమాడే హోదా. వందమంది తరఫున మాట్లాడే బరువు దానిది, చందా మాత్రం సభ్యుల నుంచే.

అమెరికాలో వేరు. విమాన, రైల్వే కార్మికులకు వర్తించే చట్టాన్ని 1951లో సవరించి, ఒప్పందంలో రాసుకుంటే బేరసారాల ఖర్చులో వాటా అందరి దగ్గరా వసూలు చేయవచ్చన్నారు. ప్రభుత్వోద్యోగుల విషయంలో అక్కడి సుప్రీంకోర్టు 2018లో అలాంటి వసూలును కొట్టేసింది గాని, ఎయిర్‌లైన్స్‌కు ఆ తీర్పు వర్తించలేదు. అయితే 1961లోనే ఆ కోర్టు ఒక హద్దు గీసింది: అభ్యంతరం చెప్పినవాడి డబ్బు రాజకీయాలకు వాడకూడదు. మనస్సాక్షి కారణంగా యూనియన్‌లో చేరని సెవెంత్ డే అడ్వెంటిస్టులవంటి విశ్వాసులు అంతే మొత్తాన్ని ధర్మసంస్థకు ఇచ్చే దారి కూడా ఆ దేశంలో ఉంది. డబ్బు మిగుల్చుకోవడానికి విశ్వాసాన్ని అడ్డుపెట్టుకునేవాడెవడో, నిజంగా మనస్సాక్షి బాధపడేవాడెవడో అక్కడే తేలిపోతుంది. నాకు ఈ ఏర్పాటు నచ్చింది.

ఎదుటివాదం బలహీనమైనది కాదు. 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. పెద్ద గొడవ దేనిమీద? కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ఇవ్వడం మీద. అంటే తోటి పైలట్లకు అవకాశం దక్కకూడదని. అలాంటి పనికి నా జీతంలోంచి ఎందుకివ్వాలి అని ఒక పైలట్ అడిగితే నేను తప్పుపట్టను. మన దేశంలో పెద్ద యూనియన్లు చాలావరకు ఏదో ఒక పార్టీకి అనుబంధం. లెక్కలు చూపించని నాయకులూ ఉన్నారు. కాబట్టి నేనడిగేది పరిమితమైనది: రహస్య ఓటుతో ఎక్కువమంది ఎన్నుకున్న యూనియన్‌కే, బేరసారాలకూ కోర్టు ఖర్చులకూ అయ్యే వాటా మాత్రమే, ఏటా ఆడిట్ లెక్క గోడకు అంటించి. రాజకీయ నిధి విడిగా ఉండాలని, దానికి ఇవ్వమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదని 1926 చట్టంలోనే రాశారు.

పైలట్ల గురించి ఇంత ఎందుకంటారా? మన పక్కనున్న ఫ్యాక్టరీ చూడండి. 2021 డిసెంబరు 1 నుంచి అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. పద్నాలుగేళ్ల తర్వాత పెరిగింది. పెంచిందెవరు? శివకాశిలో సమావేశమైన ఐదు అగ్గిపెట్టెల పరిశ్రమ సంఘాలు. ముడిసరుకు ధరలు పెరిగాయన్నారు, నిజమే. యజమానులు కలిసి కూర్చున్నారు, ఒక్క మాట మీద నిలబడ్డారు, ధర రెట్టింపైంది. తమ సంఘంలో కలిసి నడవడం ఆత్మీయమా లోకసంబంధమా అని వాళ్లెవరూ పాస్టరును అడగలేదు. ఎన్ని చట్రాలు నింపితే అంత కూలి తీసుకునే అక్క మాత్రం ఒంటరిగా వెళ్లి అడగాలి. కొన్నిచోట్ల ఆ అక్కా, యజమానీ ఒకే సంఘంలో ఆరాధిస్తారు. అందుకే ఈ విషయం ప్రసంగ వేదిక మీదికి రాదని నా అనుమానం. కూలి బిగబట్టినవారి మీద యాకోబు ఐదో అధ్యాయంలో రాసినది మనం కోతకాలపు పండుగలో కూడా చదవం.

2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా ఫ్యాక్టరీ పేలి దాదాపు 40 మంది చనిపోయారు. "ఈ గదిలో ఇంతమంది కూర్చోకూడదు, మేం లోపలికి రాం" అని చెప్పగలిగే మనిషి ప్రతి ఫ్యాక్టరీలో ఉండాలంటే, అలా చెప్పాక అతని ఉద్యోగం పోతే ఇల్లు గడవడానికి వెనక ఒక నిధి ఉండాలి. ఆ నిధి నెలకు రూపాయి చొప్పున వందల చేతుల నుంచి రావాలి. అలిసిపోయాను, ఈ విమానం నడపను అని పైలట్ చెప్పడానికి కావలసినదీ ఇదే. జీతాల్లో తేడా ఉంది, భయంలో లేదు.

ఒక చిక్కు మిగిలే ఉంది. పైలట్ జీతం బ్యాంకులో పడుతుంది, చందా కోయడం సులువు. ఇంటి దగ్గర పెట్టెలు అంటించే మన సహోదరీలకు ఏజెంటు చేతికిచ్చేదే కూలి. ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. ఎవరి దగ్గర కోస్తారు, ఎవరు కోస్తారు? వాళ్ల విషయంలో చందా కంటే ముందు ఆ పేరు నమోదు కావాలి. కళుగుమలై, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న మన తెలుగు సంఘాల యవనస్థులు సెలవుల్లో ఇంటింటికీ వెళ్లి ఆ పేర్లు రాస్తామంటే, నోటుపుస్తకాలు నేను కొనిస్తాను.