ఎదురింటి దుమ్ము, మనింటి దుమ్ము

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం దీపం పెట్టే ముందు ఇంకోసారి. ఈ మధ్య మా ఇంట్లో దుమ్ము తుడిచే లెక్క ఇది. అయినా దేవుడి పటాల మీద వేలితో గీస్తే గీత పడుతుంది. మా ఎదురుగా ఇల్లు కడుతున్నారు. దాని పక్క సైటులో పునాదులు తీశారు. వీధి చివర కొత్త లేఅవుట్‌కు రోజంతా టిప్పర్లు తిరుగుతున్నాయి.

తుడుచుకోవడం నాకు బాధ కాదు, అలవాటైన పనే. బాధంతా మా అత్తమ్మ గురించి. ఆమెకు ఆయాసం. ఎదురింట్లో గ్రానైట్ కోత మిషన్ మొదలైన రోజు రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. డాక్టరుగారు మందు మార్చి, "దుమ్ముకు దూరంగా ఉంచండమ్మా" అన్నారు. ఎంత దూరం పెట్టేది? కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే దుమ్ము.

మరుసటి రోజు గొడవ పెట్టుకుందామనే గేటు దాటాను. రోడ్డు మీద వాళ్ల ఇసుక కుప్ప చూడగానే కాలు ఆగిపోయింది. ఆరేళ్ల కిందట మేము ఇల్లు కట్టేటప్పుడు మా ఇసుక కూడా సరిగ్గా అట్లాగే ఏడు నెలలు పడి ఉంది. మీద ఒక పట్ట కూడా కప్పలేదు. పక్కింటి అక్క చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి "కొంచెం నీళ్లయినా చల్లించమ్మా" అంటే, "ఇల్లు కట్టేటప్పుడు దుమ్ము లేకుండా ఎట్లక్కా" అని నవ్వేశాను. ఇప్పుడు ఎదురింటామె అదే మాట నాతో అంటే నేనేం చెప్పను?

మా హిందూపురంలోనే కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. హైవే పక్కన పొలాల్లో ప్లాట్ల రాళ్లు ఇప్పుడు మామూలు దృశ్యం. ధర్మవరంలో మా చెల్లెలిది మగ్గాల వీధి. వెనక సైటులో పని మొదలైనప్పటి నుంచి పని లేని వేళల్లో మగ్గం మీద పాత చీర కప్పుతోంది. "పట్టు మీద దుమ్ము పడితే ధర పోతుందక్కా" అంటుంది. నిజమే. పట్టుచీర మీద చూపించే జాగ్రత్త మన ఊపిరితిత్తుల మీద చూపించడం లేదు.

అసలే మాది వానలు తక్కువైన సీమ. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటేనే తెలుస్తుంది ఇక్కడ గాలి ఎట్లా వీస్తుందో. ఆషాఢంలో కప్పని ఇసుక కుప్ప ఒక్కరింటిది కాదు, వీధందరిదీ.

కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. పది మైక్రాన్ల లోపుది, అంటే వెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండనిది, ఇంకా లోపలికి పోతుంది. రెండున్నర మైక్రాన్ల లోపుదైతే ఊపిరితిత్తుల అడుగుదాకా చేరుతుంది. గ్రానైటు పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. అది వచ్చాక నయం కాదు. ఎదురింట్లో మూతికి తువ్వాలు కట్టుకుని బండలు కోస్తున్న పిల్లవాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మా అత్తమ్మ తలుపు మూసుకుంటుంది. వాడు ఏం మూసుకుంటాడు?

నియమాలు లేవా అంటే ఉన్నాయి. గాలిలో దుమ్ము హద్దు దాటిన ఊళ్ల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో రాసిపెట్టింది: ఇసుక, మట్టి కప్పకుండా ఉంచకూడదు, రోడ్డు మీద పోయకూడదు, పట్ట లేకుండా బండ్లలో తేకూడదు, ఆరుబయట రాళ్లు కోయకూడదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోకి తరవాత మన అనంతపురం కూడా చేరింది. హిందూపురం, ధర్మవరం ఆ జాబితాలో లేవు. జాబితాలో లేనంత మాత్రాన మా దుమ్ము దుమ్ము కాకుండా పోతుందా?

"తాగడానికే నీళ్లకు కష్టపడిన ఊళ్లో దుమ్ముకు నీళ్లా?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన రోజులు నేనూ మరిచిపోలేదు. కానీ పట్ట కప్పడానికి నీళ్లక్కర్లేదు. పచ్చ పరదా కట్టడానికి అక్కర్లేదు. మిగతా దానికి బట్టలు ఉతికిన నీళ్లు చాలు. ఊడ్చే ముందు నీళ్లు చల్లాలని మన అవ్వలకు ఏ శాఖా ఉత్తర్వు పంపలేదు. కల్లాపి చల్లే చేతులకు దుమ్ము సంగతి ఒకరు నేర్పాలా?

నా అభిప్రాయం ఒకటే. ఇంటి ఖర్చులో సిమెంటు, కమ్మీలతో పాటు పట్ట, పరదా, నీళ్లతో కోసే మిషన్ అద్దె కూడా రాసుకోవాలి. లక్షలు పెట్టి కట్టే ఇంటికి అదొక లెక్క కాదు. ప్లాను ఆమోదించేటప్పుడే మున్సిపాలిటీ ఈ షరతు పెట్టి, పునాది రోజున ఒకసారి వచ్చి చూడాలి. లేఅవుట్లు వేసేవాళ్లు ప్లాట్లు అమ్మకముందే రోడ్లు వేయాలి. మట్టిరోడ్డు మీద ఒక్క టిప్పరు లేపే దుమ్మును నా గుడ్డపేలిక ఆపలేదు.

చివరికి గొడవకు పోలేదు. మా మిద్దె మీద మిగిలిన పాత టార్పాలు పట్టుకుని వెళ్లాను. అత్తమ్మ సంగతి చెప్పాను, ఆరేళ్ల కిందటి నా తప్పు కూడా చెప్పాను. ఎదురింటామె నవ్వలేదు. పట్ట తీసుకుంది. బేల్దారి మేస్త్రీ కోత పని ఇంటి వెనక్కి మార్చాడు, నీళ్ల మిషన్ మాత్రం "చూద్దాంలేమ్మా" అన్నాడు. అది వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

వచ్చేటప్పుడు పక్కింటి అక్క గడప తొక్కి, ఆ రోజు నవ్వినందుకు మన్నించమన్నాను. అప్పటి చంటిబిడ్డ ఇప్పుడు బడికి పోతున్నాడు. వాడి పుస్తకాల సంచిలో ఇన్‌హేలరు ఉంటుందట. నాకు ఇన్నాళ్లూ తెలియదు.