శిల్పమే తొలి గురువు

చిత్రకళ నేర్వగోరే విద్యార్థికి మొదటనే రంగులు అందించకపోవడం ఐరోపా కళాశాలలలో చిరకాలం సాగిన సంప్రదాయం. అతడు తొలుత ఆచార్యుల రేఖాచిత్రాలను చూసి గీసేవాడు. ఆ పిమ్మట గ్రీకు, రోమను శిల్పాలకు ప్లాస్టరుతో పోతపోసిన ప్రతిరూపాల ముందు కూర్చునేవాడు. అందులో ఆరితేరిన తరువాతనే సజీవ మానవరూపాన్ని చిత్రించే అవకాశం లభించేది. బొంబాయిలో 1857లో వెలసిన జె.జె. కళాశాల వంటి సంస్థల ద్వారా ఈ శిక్షణ మన దేశానికీ వచ్చింది.

ఈ పద్ధతికి బలమైన కారణముంది. శిల్పం కదలదు, అలసిపోదు. విద్యార్థి తన పొరపాటును ఎన్నిసార్లయినా సరిదిద్దుకోవచ్చు. రంగుల ఆకర్షణ లేనందువల్ల వెలుగునీడల తీరు, అవయవాల పాళ్లు, రేఖ నడక మాత్రమే అతని దృష్టికి వస్తాయి. అంతకుమించి, శిల్పి ప్రకృతిని పరిశీలించి, అనవసరమైన దానిని తొలగించి, అవసరమైన దానిని నిలిపినవాడు. అతడు చేసిన ఆ ఎంపికను విద్యార్థి తన చేతితో గీస్తూ గ్రహిస్తాడు.

ఇది అనుకరణను నేర్పి స్వతంత్ర ప్రతిభను అణచివేస్తుందని కొందరి ఆక్షేపణ. పూర్వకవుల పద్యాలను కంఠస్థం చేయడం కవికి సంకెల కానట్లే, శిల్పాలను గీయడం చిత్రకారునికి సంకెల కాదు. కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో జన్మించిన పాకాల తిరుమలరెడ్డి జె.జె. కళాశాలలోనే చదువుకున్నారు. పి.టి. రెడ్డిగా ప్రసిద్ధులైన ఆయన అనంతరం నవ్యరీతులలో, తాంత్రిక చిహ్నాలతో తనదైన చిత్రలోకాన్ని సృష్టించారు. శిక్షణ ఆయన దారికి అడ్డు రాలేదు.

అయితే ఆ ఆక్షేపణలో కొంత సత్యమూ ఉంది. గ్రీకు శిల్పపు కొలతలే సౌందర్యానికి ఏకైక ప్రమాణమని భావించడం దోషం. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మింపజేసిన రామప్ప గుడిని చూడండి. చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికల దేహాలు సహజమానాన్ని మించి సన్నగా, పొడవుగా ఉంటాయి. గ్రీకు కొలతలతో చూస్తే అది లోపంగా తోస్తుంది. పెన్సిలు పట్టి గీసిన విద్యార్థికి మాత్రం ఆ దేహం, ఆ ఏటవాలు రాయి ఒకే రేఖగా సాగుతున్నాయని అర్థమవుతుంది.

నృత్యం తెలియనిదే చిత్రం తెలియదని విష్ణుధర్మోత్తరంలో మార్కండేయుడు వజ్రునికి బోధిస్తాడు. నటరాజ రామకృష్ణ ఇదే బంధాన్ని మరొక దిశ నుంచి చూపారు. రామప్ప శిల్పాల భంగిమలను, జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని అధ్యయనం చేసి పేరిణికి పునర్జీవం పోశారు. శ్రద్ధగా చూసిన కంటికి ప్రాచీన శిల్పం కొత్త కళకు బీజమవుతుంది.

నేడు సెల్‌ఫోను క్షణంలో శిల్పాన్ని బంధిస్తుంది. కాని ఛాయాచిత్రం తీసినవాడు ఆ శిల్పాన్ని చూసినట్లు కాదు. ఒక గంటసేపు గీసినవానికి వేళ్ల వంపు, నడుము మలుపు, విరిగిన చేయి ఒకప్పుడు ఏ వైపు సాగి ఉంటుందనే ఊహ మనసులో నిలిచిపోతాయి. అలా మనసుకు హత్తుకున్న శిల్పంపై పేర్లు చెక్కడానికి అతని చేయి రాదు. క్వారీల కోసం గుట్టలు కరిగిపోతున్న ఈ కాలంలో ఇది చిన్న ప్రయోజనం కాదు.

గ్రీకు ప్రతిమల శాల చేరువలో లేదని ఆసిఫాబాదు విద్యార్థి చింతించనక్కరలేదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై పదవ శతాబ్దపు జినవల్లభుని శాసనం ఉంది. అందులో తెలుగు కందపద్యాలున్నాయి. ఆ రాతిమీదనే జైనమూర్తులూ ఉన్నాయి. మన జిల్లాలోని ఉషేగాంలో మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి ఇత్తడి ప్రతిమలు పోసే ఓజా కళాకారులున్నారు. దేవాలయ శిల్పంతో పాటు ఆ ప్రతిమలూ మన రేఖాభ్యాసానికి యోగ్యమైనవే.

కనుక చిత్రకళా విద్యాలయాలు గ్రీకు ప్రతిమలను వెలివేయనక్కరలేదు. వాటి సరసన మన శిల్పాలకూ సమాన స్థానం కల్పించాలి. చిత్రకారులు కాబోని విద్యార్థులు సైతం విహారయాత్రకు వెళ్లినప్పుడు ఒక పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు వెంట తీసుకువెళ్లాలి. బొమ్మ చక్కగా కుదరకపోయినా చింత లేదు. ఆ గంటలో కన్ను నేర్చుకున్నది వృథా కాదు.