సులోచనములు తొలగిన పిదప

కంటిలో కటకము నమర్చు శస్త్రచికిత్సనుగూర్చి వ్రాయవలసినదని మన సోదరీమణులలో కొందఱు కోరియున్నారు. మేము వైద్యవిద్య నెఱిగినవారము కాము. గడచిన వేసవిని మా మేనకోడలికి ఈ చికిత్స జరిగినపుడు తోడుండినది మేమే గావున, కన్నదియు, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు వ్రాయుచున్నాము.

ఆ పిల్ల మావారి అక్కగారి కుమార్తె. వయస్సు 23 ఏండ్లు. ఎనిమిదవ యేటనే సులోచనములు వచ్చినవి. వాని బలము ఏటేట హెచ్చుచు మైనసు 11 వఱకు వచ్చి, రెండేండ్లుగా అచ్చటనే నిలిచియున్నది. మొదటి పెండ్లిచూపులనాడు మా వదినగారు అద్దములు తీయించి కూర్చుండబెట్టగా, ఎదుటనున్న వరుని ముఖమెట్లుండునో పిల్లకు తెలియనే లేదు. ఫలహారపు పళ్లెమును బల్ల అంచున నుంచి క్రింద పడవేసినది. ఆ సంబంధము కుదరలేదు. అటుపిమ్మట వదినగారు రెండు నిశ్చయములు చేసికొనిరి: ఈ చికిత్స చేయింపవలెను, చేయించినట్లు ఎవ్వరికిని తెలియరాదు. మొదటిదానికి మేమును సమ్మతించితిమి.

హ్రస్వదృష్టి యనగా కనుగ్రుడ్డు ఉండవలసినదానికంటె పొడవుగా నుండుట. అందుచేత దూరపు వస్తువుల వెలుగు కంటి వెనుకనున్న రెటీనా యను పొరను చేరక మునుపే ఒకచోట కూడి, పిదప చెదరును. లేజరు చికిత్సలో కంటి ముందుభాగమున అద్దమువంటి కార్నియాను చెక్కి ఈ లోపమును సరిదిద్దుదురు. కాని దాని మందము నడుమ సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అద్దముల బలము హెచ్చినకొలది చెక్కవలసినదియు హెచ్చును. అంత చెక్కినచో కార్నియా బలహీనమగును. అట్టివారికే ఈ రెండవ మార్గము.

ఇందు మెత్తని కటకమునొకదానిని మడిచి, సుమారు 3 మిల్లీమీటర్ల గంటుగుండ లోనికి పంపి, ఐరిసు అను రంగుతెరకు వెనుక, సహజ కటకమునకు ముందు అమర్చుదురు. శుక్లము తీసి పెట్టు కటకమును దీనిని ఒకటిగా తలచువారు పెక్కండ్రు గలరు. శుక్లపు చికిత్సలో మన కటకమును తీసివేయుదురు; ఇందు తీయరు. ఆ మొదటిదానిని 1949లో లండను నగరమున హెరాల్డు రిడ్లీ అను వైద్యుడు ప్రారంభించెను. సహజ కటకము నుంచియే వేఱొకటి పెట్టుటకు 1953లో ఇటలీలో స్త్రాంపెల్లి యత్నించెను గాని, ఆ నాటి కటకములు కార్నియాకు హాని చేసినందున విడువబడెను. ఇపుడు వాడబడునది కొలాజెనును ప్లాస్టిక్కును కలిపి చేసినది. దీనిని మనుష్యుల కన్నులలో 1993లో మొదట అమర్చిరి. 2005లో అమెరికా దేశమున అనుమతి దొరకినది. నడుమ సన్నని రంధ్రము గల క్రొత్తరకమునకు అచ్చట 2022లో అనుమతి వచ్చెను. ఆ రంధ్రముగుండ కంటిలోని నీరు ప్రవహించును గావున, పూర్వమువలె ముందుగా ఐరిసుకు లేజరుతో తూట్లు పొడువ నక్కఱలేదు.

శస్త్రచికిత్సకంటె పరీక్షలకే ఎక్కువ కాలము పట్టినది. కంటి ముందరి గదికి తగిన లోతు, అనగా సుమారు 3 మిల్లీమీటర్లు, ఉండవలెను. కార్నియా లోపలి పొరలోని కణములను లెక్కింతురు. అవి నశించినచో మరల పుట్టవు. గర్భవతులకును, పాలిచ్చు తల్లులకును ఈ చికిత్స చేయరు. పిదప పాపను విప్పార్చు చుక్కలు వేసి రెటీనాను చూచిరి. అచ్చటనే చిక్కు బయటపడినది. కుడికంటి రెటీనా యొక్క అంచున పలుచబడినచోట చిన్న చిల్లి యొకటి యున్నది. దానిచుట్టు లేజరుతో అతికించి, కొన్ని వారములు ఆగుమనిరి.

ఆనాడు వైద్యురాలు చెప్పిన మాట మేము మఱువలేదు. కటకము పెట్టినను కనుగ్రుడ్డు పొడవు తగ్గదు. రెటీనా ఊడివచ్చు అపాయము హ్రస్వదృష్టి గలవారికి హెచ్చు. అద్దములు పోయినంతమాత్రమున అది పోదు. మెఱుపులు మెఱసినట్లు తోచినను, నల్లని చుక్కలు హఠాత్తుగ గుంపుగా కనబడినను, చూపునకు ఒకప్రక్క తెర దిగినట్లున్నను, ఆ దినముననే రావలెనని ఆమె పిల్లచేత తిరిగి చెప్పించినది.

చికిత్స ఇరువది నిమిషములలో ముగిసినది. మత్తు చుక్కలు వేసిరి; నొప్పి లేదు గాని, ఒత్తిడియు, మీది దీపపు వెలుగును తెలియుచుండెనట. రెండు గంటలు కూర్చుండబెట్టి కంటిలోని ఒత్తిడిని కొలిచి పంపిరి. రెండుదినముల పిదప రెండవ కన్ను. మఱునాటి ఉదయము పెరటిలోనికి వచ్చి, "అత్తయ్యా, కొబ్బరాకులో ఈనెకు ఈనె వేఱుగా కనబడుచున్నది!" అని కేకవేసినది.

రాత్రులు దీపముల చుట్టు వలయములు కనబడి భయపడినది. కొలదివారములలో అవి తగ్గినవి. చుక్కలు గడియారము చూచి వేయవలెను. కన్ను నలుపరాదు. కాటుకయు, చెఱువు స్నానమును కొంతకాలము మానవలెను. తలంటు లేక పిల్ల కన్నెట్లు చల్లబడునని మా అత్తగారు గొడవచేయగా, వెల్లకిల పరుండబెట్టి, ముఖము తడియకుండ మేమే తల కడిగితిమి. పోపు పొగకు, మిరపకాయల కొట్టుడుకు దూరముగా నుంచితిమి.

అపాయములు లేకపోలేదు. ఒత్తిడి పెరుగవచ్చును. అరుదుగా చీము పట్టవచ్చును; అది మిక్కిలి ప్రమాదము. కటకపు కొలత కుదరనిచో మార్చవలసివచ్చును. సిలిండరు దోషమునకు పెట్టిన కటకము తిరిగిపోవచ్చును. శుక్లము ముందుగా రావచ్చును. అవసరమైనపుడు దీనిని తీసివేయవచ్చుననుట మాత్రమొక మేలు. నలువదేండ్లు దాటిన పిదప చత్వారపు అద్దములు తప్పవు. ఖర్చు లేజరుకంటె చాల హెచ్చు; ఇందుకై అప్పుచేయుట మాకు సమ్మతము కాదు.

ఇక రెండవ నిశ్చయము. కటకపు వివరములతో వైద్యశాలవారొక చీటి ఇచ్చి, ఎల్లపుడు దగ్గఱ నుంచుకొమ్మనిరి. వదినగారు దానిని పెట్టెలో పట్టుచీరల యడుగున దాచిరి. మేము ఊరకుండలేకపోతిమి. క్రొత్తకాపురమున, అర్ధరాత్రమున పిల్ల కంటికి మెఱుపులు తోచినచో ఎవరిని లేపవలెను? ఏమని చెప్పవలెను? ఏటేట పరీక్షకు ఏ నెపమున పోవలెను? పెండ్లికొఱకు తెప్పించిన చూపును పెండ్లికొఱకే పోగొట్టుకొనుమందుమా? వదినగారికి కోపము వచ్చినది. మావారు పత్రిక చాటున ముఖము దాచికొనిరి.

మార్గశిరమున వచ్చిన సంబంధమువారితో పిల్లయే ఉన్నదున్నట్లు చెప్పివేసినది. వరుని తల్లి, "పుట్టబోవు బిడ్డలకు ఈ చూపు వచ్చునా?" అని మమ్ము అడిగెను. రావచ్చుననియు, బిడ్డలకు చిన్ననాడే కన్నులు పరీక్షింపించినచో చాలుననియు చెప్పితిమి. ఆలోచించి వ్రాసెదమని వెళ్లిరి. ఇంకను జాబు రాలేదు. వదినగారు మాతో ముభావముగనే యున్నారు. చీటి మాత్రము పిల్ల చేతిసంచిలోనికి వచ్చినది. వైశాఖమున పరీక్షకు మేమే తోడు పోవుదుము.